క్షమాపణ చెల్లే దేశాలు

చిరంజీవి చిన్నోడికి,

అక్క ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ అమ్మా నేనూ కులాసాగానే ఉన్నాం. నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను అని రాయాలి కదా, రాశాను. జైల్లో ఉన్నవాడికి ఆ మాట రాయడం నాకే సిగ్గుగా ఉంది. కానీ అది లేకపోతే అమ్మ ఉత్తరాన్ని ఉత్తరం కింద లెక్కపెట్టదు. "బాగున్నామని రాశావా?" అని వంటింట్లోంచే కేకేసింది ఇందాక. రాశానని చెప్పాను. చదివి వినిపించమని అడిగేలోపు దీన్ని అంటించేసి పోస్టు చేసి రావాలి.

నీ ఉత్తరం మంగళవారం అందింది. అడిగినవాటికి వరసగా చెప్తాను.

నీ పనిముట్ల సంచి భద్రంగా మంచం కిందే ఉంది. పదిరోజులకోసారి అమ్మ దాన్ని బయటికి లాగి, స్పానర్లన్నీ పాత దుప్పటి మీద పరిచి, నూనె గుడ్డతో తుడిచి, సైజుల వారీగా మళ్ళీ సర్దుతుంది. నేను చెయ్యి వెయ్యబోతే "నువ్వు ముట్టుకోకు, నీకు పద్నాలుక్కీ పదిహేడుకీ తేడా తెలీదు" అంది. నిజమే, తెలీదు. మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది. మెట్లెక్కిన ప్రతిసారీ రెండో అంతస్తులో ఆగి, "లిఫ్టు మెకానిక్కుని కని కూడా నాకీ మెట్లు తప్పలేదు" అని గోడకి చెప్పి మరీ పైకొస్తుంది.

నా పరీక్ష అయిపోయింది. నాలుగు దేశాల్లో నేరం చేసినవాణ్ణి ఎలా విచారిస్తారు, ఎలా శిక్షిస్తారు అని పక్కపక్కన పెట్టి ఆరేళ్ళు రాశాను కదా, దాన్ని ముగ్గురు పెద్దలు కూర్చుని గంటన్నర సేపు తిరగేసి, బాగుందన్నారు. నాలుగో అధ్యాయం మరీ బాగుందన్నారు. కాలేజీలో ఉద్యోగం కూడా ఇస్తారట. మా మేడమ్ అందరి ముందూ నన్ను కావలించుకుంది. నేను బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. సంతోషంతో ఏడ్చాననుకున్నారు పాపం.

"నీ పుస్తకంలో దేశాల్లో అయితే నాకెంత పడేది?" అని అడిగావు. సరదాకే అడిగావని తెలుసు, కానీ అడిగావు కాబట్టి చెప్తాను. మొదటి దేశంలో జడ్జి కుర్చీలో కూర్చుని వినడు, తనే కేసు తవ్వుతాడు. ఆ బిల్డింగుకి వచ్చి మూడో అంతస్తులో లిఫ్టు తలుపు తెరిచి చూసేవాడు. "తాళం వేసి, రిపేరు బోర్డు తగిలించి, సామాను తేవడానికి వెళ్ళాను" అని నువ్వన్నది నిజమా కాదా అని వాచ్‌మన్‌ని వేరే గదిలో కూర్చోబెట్టి అడిగేవాడు. మేనేజరు రెండో తాళంచెవి ఇచ్చి తలుపు తీయించాకే టైలరు గారి భార్య లిఫ్టు గోతిలో పడిందన్న సంగతి అరగంటలో బయటపడేది. నువ్వు అసలు జైలుకే వెళ్ళేవాడివి కాదు. రెండో దేశంలో పన్నెండు మంది మామూలు మనుషులు తేల్చేవాళ్ళు, వాళ్ళలో ఒకడైనా చేత్తో పని చేసుకుని బతికేవాడు ఉండేవాడు. మూడోదాంట్లో బేరం ఆడి చిన్న తప్పు ఒప్పుకుంటే ఆర్నెల్లు. నాలుగోదాని గురించి కింద రాస్తాను. మొత్తానికి అన్నిట్లోనూ నువ్వీపాటికి ఇంట్లో కూర్చుని అమ్మతో తిట్లు తింటూ ఉండేవాడివి. మన దగ్గర మాత్రం ఏడేళ్ళు.

ఇక అప్పీలు. కొట్టేశారురా. కొట్టేసి మూడు వారాలు దాటింది. పోయినసారి వచ్చినప్పుడే తెలుసు, "ఇంకా తేలలేదు" అని అబద్ధం చెప్పాను. నువ్వు ఆ రోజు గడ్డం గీసుకుని, తల దువ్వుకుని వచ్చావు. చెప్పలేకపోయాను.

ఇప్పుడు లాయరు సంగతి. "ఆయన్ని మార్చు. టైలరు గారికి క్షమాపణ ఉత్తరం రాయమని నన్ను నిలువునా ముంచింది ఆయనే. ఫిర్యాదు కూడా రాసి పంపుతున్నాను, లాయర్ల సంఘంలో ఇచ్చిరా" అన్నావు. రెండు పేజీల ఫిర్యాదూ చదివాను. దస్తూరి బాగుపడింది నీకు. ఆ మనిషి మీద నీకెంత మంట ఉందో ప్రతి అక్షరంలోనూ ఉంది.

చిన్నోడా, ఇక్కడిదాకా కలం బాగానే నడిచింది.

నువ్వు అరెస్టయిన కొత్తలో నేను చదువు పని మీద మూడు వారాలు వెళ్ళొచ్చింది ఆ నాలుగో దేశానికే. అక్కడ ఒక గదిలో గుండ్రటి బల్ల చుట్టూ కూర్చోబెట్టారు, నేను గోడవారగా చూస్తున్నాను. లారీ నడిపే అతను ఒక పెద్దాయన కొడుకుని గుద్ది చంపాడు. వచ్చి ఆయన ఎదురుగా కూర్చుని, "నా వల్లే పోయాడు, నన్ను క్షమించండి" అన్నాడు, అంతే. వర్షమని అనలేదు, బ్రేకులని అనలేదు. పెద్దాయన చాలాసేపు ఏడ్చి, తన ముందున్న మంచినీళ్ళ గ్లాసు అతని వైపు జరిపాడు. జడ్జి అతన్ని ఇంటికి పంపేశాడు. అక్కడ అలా చెప్పిన మాటని తిరిగి మనిషి మీద సాక్ష్యంగా వాడకూడదని చట్టమే ఉంది. క్షమాపణలో సాకులు ఉండకూడదు, ఉంటే అది క్షమాపణ కాదు అని వాళ్ళ పుస్తకాల్లో రాసుంటుంది. నా నాలుగో అధ్యాయం అదే.

తిరిగొచ్చిన వారానికి నిన్ను చూడ్డానికి వచ్చాను. అప్పటికింకా విచారణ మొదలవ్వలేదు. జాలీకి అవతల నువ్వు, ఇవతల నేను. టైలరు గారికి ఉత్తరం రాయమన్నాను. "నా వల్లెలా అవుతుందక్కా? తాళం వేశాను, బోర్డు పెట్టాను" అన్నావు. బోర్డు మాట ఎత్తొద్దన్నాను. "ఆయన భార్య పోయి ఏడుస్తుంటే నువ్వు బోర్డు గురించి మాట్లాడతావా?" అని కసిరాను కూడా. నువ్వు అప్పటికీ తల అడ్డంగా ఊపుతుంటే, "లాయరుగారే రాయమన్నార్రా" అన్నాను.

ఆయన అనలేదు. నేను ఆయన్ని అడగనే లేదు. అడిగితే వద్దంటారని నాకెక్కడో తెలుసు. నాలుగు దేశాలు చదివిన దాన్ని, ఊళ్ళో లాయర్ని అడగడమేంటి అనుకున్నాను.

టైలరు ఆ ఉత్తరం చదివి తిన్నగా స్టేషన్‌కి పట్టుకెళ్ళాడు. ఆయన్నేం అనను, భార్య పోయిన మనిషి. సర్కారు లాయరు దాన్ని కోర్టులో రెండుసార్లు చదివాడు, గుర్తుందా? "నిజంగా బోర్డు పెట్టినవాడైతే ఈ ఉత్తరంలో ఆ ముక్క ఎందుకు లేదు?" అన్నాడు. జడ్జి తలూపి రాసుకున్నాడు. తీర్పులో పదకొండో పేజీలో అదే ఉంది, అప్పీలు కొట్టేసిన కాగితంలోనూ అదే ఉంది. నువ్వు బోర్డు మాట రాస్తానన్నావు, నేను వద్దన్నాను.

అయిపోలేదు. నీ మంచితనం గురించి చెప్పడానికి నన్ను బోనెక్కించారు కదా. "ఈ ఉత్తరం ఎవరైనా రాయించారా?" అని సర్కారు లాయరు అడిగాడు. ప్రమాణం చేసి మరీ, "లేదండీ, తనంతట తనే రాశాడు" అన్నాను. తనంతట తాను చెప్పిన క్షమాపణకి విలువెక్కువని నా పుస్తకంలో ఉంది మరి. జడ్జి మనసు కరుగుతుందనుకున్నాను. నువ్వు నా వైపు చూశావు. లాయరు మాట బయటపెట్టకుండా అక్క భలే కాచిందనుకున్నావేమో, చిన్నగా నవ్వావు కూడా. 

అప్పీలు పోయాక లాయరుగారి దగ్గరికి వెళ్ళి అంతా కక్కేశాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "విచారణప్పుడే చెప్పుంటే ఆ ఉత్తరాన్ని అవతల పారేయించేవాణ్ణమ్మా" అన్నారు. పై కోర్టుకి ఆఖరి అర్జీ ఒకటి పెట్టొచ్చట. అందులో కొత్తగా చెప్పడానికి ఉన్నది నా మాటొక్కటే, ఉత్తరం నేనే రాయించానని, బోనులో అబద్ధమాడానని. "మీ మీద కేసవుతుంది, మూడేళ్ళ దాకా వెయ్యొచ్చు. అయినా నమ్ముతారని గట్టిగా చెప్పలేను. పిల్లలిద్దరూ లోపలుంటే మీ అమ్మగారి గతేంటో అదీ ఆలోచించుకోండి" అని కాగితం తయారుచేసి చేతిలో పెట్టారు. ఆఖరి తేదీ పోయిన సోమవారం.

సోమవారం పదింటికే వెళ్ళాను. కోర్టు వరండాలో నోటరీ బల్ల పక్కన బెంచీ మీద కూర్చున్నాను. పెన్ను మూత తీశాను. అమ్మ గురించి ఆలోచించాను అని రాస్తే బాగుంటుంది, కానీ అమ్మ గురించి కాదురా. ఉద్యోగం గురించి ఆలోచించాను. మా మేడమ్ మొహం గురించి ఆలోచించాను. నువ్వు చెప్పిన జైలు గది, అందులో ఆ వాసన, దాని గురించి ఆలోచించాను. భయమేసింది. నోటరీ భోజనానికి వెళ్ళి తిరిగొచ్చాడు, నేనింకా అక్కడే ఉన్నాను. అయిదింటికి గుమాస్తా కిటికీ మూసేశాడు. నేను లేచి బస్సెక్కి ఇంటికొచ్చేశాను.

ఇక ఏ కోర్టూ లేదు. అర్జీ లేదు, దారి లేదు. నీకింకా నాలుగేళ్ళ ఎనిమిది నెలలుంది, అందులో ఒక్క రోజు కూడా నేను తగ్గించలేను. ఆ లాయరు మంచివాడు, నీ ఫిర్యాదు ఇవ్వను.

క్షమించమని అడగడం లేదు. ఆ మాట ఎలా రాయాలో నీకు నేర్పింది నేనే, అందుకే నా చేత్తో అది రాయలేకపోతున్నాను.

ఇంకొక్కటే. ఖైదీలకి వచ్చే ఉత్తరాలు ముందు జైలు ఆఫీసులో విప్పి చదువుతారు. కేసు ముక్కలుంటే నకలు తీసి పైకి పంపుతారు. ఇది నాకు తెలియక కాదు, ఇవే కదా నేను చదివింది. సోమవారం పెట్టని సంతకం కింద పెడుతున్నాను. గడువు పోయాక పెట్టిన సంతకం నీకెందుకూ పనికిరాదు, నా మీద కేసుకి మాత్రం సరిపోతుంది. పోలీసులు ఎప్పుడొస్తారో తెలీదు. అమ్మకి ఇంకా ఏమీ చెప్పలేదు.

ఇట్లు,
నీ చేత రాయించిన
మీ అక్క