గవ్వలరేవు జెండామాను

గవ్వలరేవు,
జూన్ 9.

జమ్మలమడుగు వలి బాషా గారికి నమస్కారాలు.

నేనెవరో మీకు తెలియదు. నా పేరు వసంతమ్మ. ఈ ఊరి బడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఏటా మీ దగ్గర్నుంచి "జెండామాను కాపలాదారు గారికి" అని ఒక పార్సిల్ వస్తుంది. కాపలాదారు అనే మనిషి మా తాతల నాటికే లేడు కాబట్టి పోస్ట్‌మాన్ దాన్ని బడిలో ఇచ్చి పోతాడు. లోపల ఎర్రంచు పచ్చగుడ్డ, ఐదు గజాలు. సముద్రం ఒడ్డున స్తంభంలా నిలబెట్టిన పాత టేకు మాను మీద దాన్ని ఎగరేస్తాం. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు అడగాల్సి వచ్చింది. ఒకప్పుడు మాది పెద్ద రేవు. ఇసుక మేట వేసి పూడిపోయింది. గిడ్డంగుల రాళ్ళు జనం ఇళ్ళకు మోసుకుపోయారు (మా ఇంటి మెట్లు కూడా అవే). మిగిలింది ఆ మాను ఒక్కటే. కొత్త రోడ్డు సరిగ్గా దాని మీదుగా పోతుందట. "ఇది రేవు జెండామాను అని నెలాఖరు లోపల కాగితం చూపించండి, లేకపోతే కొట్టేస్తాం" అన్నారు ఇంజనీరు అవినాష్ గారు. అది పోతే, మాది రేవు అని పిల్లలకు చూపించడానికి ఏమీ మిగలదు.

మీది రేవుకు జెండాలు సరఫరా చేసిన కంపెనీ అని నా నమ్మకం. ఆ ముక్క రాసి, సంతకం చేసి పంపండి. ఫోన్లో చెప్పింది ఆఫీసులో చెల్లదట.

ఇట్లు,
మీ జెండా నీడలో కూర్చుని,
వసంతమ్మ

తా.క. నిరుటి జెండా రంగు దిగింది. కింద ఎండేసిన చేపలు పచ్చబడ్డాయి. కొనేవాళ్ళు భయపడ్డారు.

జమ్మలమడుగు,
జూన్ 14.

వసంతమ్మ టీచరమ్మకు వలి బాషా సలాములు.

మీ ఉత్తరం మా అమ్మకు చదివి వినిపించి తప్పు చేశాను. మా అమ్మ అమీనాబీకి ఎనభై నాలుగేళ్ళు. "జెండా" అనగానే ఉత్తరం నా చేతిలోంచి లాక్కుంది. ఆమెకు చదువు రాదు, అయినా లాక్కుంది.

అమ్మా, అది జెండా కాదు, చాదర్! గవ్వలరేవులోని రేవు వలీ అనే పుణ్యపురుషుని సమాధి మీద కప్పమని మా మగ్గం మీద నేసి ఏటా పంపేది. మా అబ్బ పంపాడు, మా దాదా పంపాడు. నాకు పెట్టింది కూడా ఆ వలీ పేరే. మీరేమో దాన్ని కట్టెకు కట్టి, కింద చేపలు ఆరేస్తున్నారు!

మా కంపెనీకి రెండు మగ్గాలు, ఒక మేక. అమ్మ రెండు పూటలుగా అన్నం ముట్టలేదు. "అరవై ఏండ్లుగా నా చేత్తో మడిచి పంపిస్తాండా. ఆ పుణ్యాత్ముని మీద ఒక్కటన్నా పడిందా లేదా, కనుక్కో బేటా" అంటోంది. సమాధి ఎక్కడుందో వెంటనే రాయండి.

ఇట్లు,
కోపం ఆపుకుంటూ,
వలి బాషా

తా.క. మా రంగు దిగదు. మీ ఉప్పుగాలి మంచిది కాదు.

మరో తా.క. మా అబ్బాయి ఉమైర్ కువైట్ వీసా కోసం మొక్కుకుని ఒకసారి ఆరు గజాలు పంపాం. పదో రోజుకు వీసా వచ్చింది. మరి ఎవరిచ్చినట్టు?

గవ్వలరేవు,
జూన్ 19.

వలి బాషా గారికి, ముఖ్యంగా అమీనాబీ గారికి, క్షమాపణలతో నమస్కారం.

ఊరంతా వెతికాను. రామాలయం ఉంది, చర్చి ఉంది, ఐసు ఫ్యాక్టరీ ఉంది. సమాధి లేదు. రెండు చోట్ల తవ్వించాను కూడా. ఒకచోట లంగరు ముక్క, ఇంకోచోట సారా సీసాలు దొరికాయి.

నేను చేసిన పొరపాటు ఏమిటంటే, మీ ఉత్తరాన్ని టీ కొట్టు దగ్గర పైకి చదివాను. వలీ గారు మానులోనే ఉన్నారని జాలర్లు తేల్చేశారు. తెల్లారేసరికి మాను చుట్టూ నిమ్మకాయలు, అగరుబత్తులు, అరటిపళ్ళు. ఇంజనీరు గారు కొలతలకు వస్తే చెప్పులు విప్పించారు. "మొన్న రేవు అన్నారు, ఇవాళ దర్గా అంటున్నారు. సరే, ఆయన పుట్టింది ఎప్పుడో, పోయింది ఎప్పుడో రాసి తెండి" అన్నారు పాపం.

నేను పిల్లలకు చరిత్ర చెప్పినదాన్ని. మాను నిలబడాలని ప్రాణం కొట్టుకుంటోంది గానీ, అబద్ధం రాయడానికి చెయ్యి రావడం లేదు. వలీ గారు నిజంగా ఎవరు?

ఇట్లు,
నిమ్మకాయల మధ్య నుంచి,
వసంతమ్మ

తా.క. తప్పిపోయిన ఆవు నిన్న మాను కిందే దొరికింది. అరటిపళ్ళ కోసం వచ్చిందని నేనంటే వినేవాళ్ళు లేరు.

జమ్మలమడుగు,
జూన్ 24.

టీచరమ్మకు సలాములు. తల ఎత్తుకోలేకుండా రాస్తున్నాను.

ప్రొద్దుటూరులో నారాయణ అని నా వయసువాడే ఉన్నాడు. వెనకటికి మా గుడ్డ మూటలు వాళ్ళ బళ్ళ మీదే మీ రేవుకు పోయేవి. అతన్ని అడిగితే, "వలీ సంగతి నాకు తెల్దు మామా. బండ్ల కాగితాలు మాత్రం శానా ఉండాయి, చూసుకో" అని అటక మీద నుంచి ఒక మూట దించాడు. ఒక పూటంతా తుమ్ముతూ వెతికాను. దొరికింది. మీ కాపలాదారు మా పెద్దలకు రాసిన జాబు:

"దారిలో వానల వల్ల మీ బళ్ళు ఆలస్యమై పడవ తప్పిపోతున్నది గదా. ఇకమీదట సరుకు సిద్ధం కాగానే ఐదు గజాల పచ్చగుడ్డ ముందుగా టపాలో పంపగలరు. జెండామాను మీద ఎగరేస్తాను. జమ్మలమడుగు సరుకు చేరేదాకా పడవ కదలదు. ఇది నా మాట."

తర్వాత ఎర్రగుంట్లకు రైలు వచ్చింది, మూటలు రైలెక్కాయి. గుడ్డ పంపడం ఆపమని మాత్రం మా ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఏటా దూరదేశానికి పచ్చగుడ్డ పంపుతున్నామంటే మాకు తెలిసింది ఒకటే, చాదర్. చాదర్ ఉంటే వలీ ఉండాలి కదా. అట్లా పుట్టాడు ఆయన.

అమ్మకు చెప్పడానికి భయపడ్డాను. అంతా విని ఇట్లా అంది: "ఆయప్ప మాట ఇచ్చి పడవ నిలిపినాడు. వస్తామని చెప్పి పోనిది మనమే. సిగ్గు గాదా?" ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

అసలు జాబే పంపుతున్నాను. జాగ్రత్త.

ఇట్లు,
వలీ లేని వలి బాషా

తా.క. వీసా సంగతి ఇంకా తేలలేదు.

గవ్వలరేవు,
జూన్ 30.

వలి బాషా గారికి కోటి నమస్కారాలు.

మాను నిలబడింది! ఇంజనీరు గారు జాబు మూడుసార్లు చదివి, "జమ్మలమడుగు సరుకు చేరిందా?" అని అడిగారు. లేదన్నాను. "ఇక సరుకు రాదని కబురన్నా పెట్టారా?" పెట్టలేదన్నాను. "అయితే ఇది పెండింగు. పెండింగులో ఉన్నదాన్ని నేనెట్లా కొట్టగలను?" అని ఫైలు మీద రాశారు: "జమ్మలమడుగు సరుకు చేరువరకు జెండామానును కదల్చరాదు." రోడ్డు నాలుగు మీటర్లు పక్కకు జరిగింది. అక్కడే, ఆఫీసులో, అందరి ముందూ ఏడ్చేశాను.

అమ్మగారిని తీసుకుని రండి. సముద్రం చూపిస్తాను.

ఇట్లు,
పడవ ఆపి ఉంచిన ఊరి తరఫున,
వసంతమ్మ

తా.క. నిమ్మకాయలు ఆగలేదు. ఇంజనీరు గారూ ఒకటి కట్టారు, బదిలీ కోసం.

జమ్మలమడుగు,
జులై 5.

టీచరమ్మకు ఇంటిల్లిపాది సలాములు.

వచ్చే శుక్రవారం ఎర్రగుంట్లలో రైలెక్కుతున్నాం. పదకొండు మందిమి. అమ్మ ఇంతవరకు మైలవరం డ్యాము తప్ప పెద్ద నీళ్ళు చూడలేదు. సముద్రం ఎన్ని గంటలకు తెరుస్తారో కనుక్కోమంది.

ఇట్లు,
బయలుదేరుతూ,
వలి బాషా

తా.క. ఇన్నేళ్ళ తర్వాతైనా మాట నిలబెట్టుకుందామని వీధిలో నేతవాళ్ళంతా కలిసి తొమ్మిది మూటలు కట్టారు. ఫైలు మీద రాసిన మాట అమ్మకు ఈ ఉదయమే చదివి వినిపించాను. లేచి వెళ్ళి తొమ్మిది మూటలూ తన చేత్తో విప్పేసింది. "సరుకు చేరితే మాను కొట్టేస్తారు గదరా! ఉత్త చేతులతో పోదాం. ఆఫీసరు అడిగితే, సరుకు వెనకాల వస్తాందని చెప్పు."