బొచ్చోడు ఎవరి కుక్క

ప్రియమైన మేస్త్రీ గారికి,

ఇక్కడ అందరం క్షేమం. మన చిన్నదానికి జలుబు తగ్గింది. వంతెన పని ఎంతవరకు వచ్చిందో రాయండి.

పక్కింటి నర్సమ్మగారి కోళ్లన్నిటినీ బొచ్చోడు చంపేశాడు. తెల్లారి చూస్తే పెరడంతా ఈకలే. ఉద్యోగం అయిపోయాక ఆవిడకు ఆ కోళ్లే లోకం, మీకు తెలియంది కాదు. "మీ కుక్క ఎంత పని చేసిందో చూశావా" అన్నారు గోడ మీదుగా. నేను కంగారులో "అది మాది కాదండీ, వీధి కుక్క. నాకేం సంబంధం" అనేశాను. తప్పేముంది? ఏదో మిగిలింది పడేస్తున్నామే గాని, కొని తెచ్చుకున్నామా?

అప్పటినుంచి ఆవిడ నాతో మాట్లాడటం లేదు. గురువారం మునిసిపాలిటీ బండి వస్తుందట. ఎవరిదీ కాని కుక్కని పట్టుకుపోతారు, పోయింది ఇక తిరిగి రాదంటున్నారు. చిన్నది అలిగి తిండి మానేసింది. నన్నేం చెయ్యమంటారు?

మీ దర్జీ

ప్రియమైన దర్జీ గారికి,

వంతెన ఇంకా సగంలోనే ఉంది. నేను బాగానే ఉన్నాను, మా వంటవాడికే ఇంకా ఉప్పూకారం కుదరడం లేదు.

పోయిన నెల వాడు సైకిలు దొంగను తరిమినప్పుడు "మన బొచ్చోడు, మన బొచ్చోడు" అని రెండు పేజీలు నింపావు. కోళ్ల దగ్గరికి వచ్చేసరికి వీధి కుక్క అయిపోయాడా? దెప్పడం లేదు. నేనక్కడుంటే నేనూ మెల్లగా లోపలికి జారుకునేవాణ్ణి. కానీ చిన్నది పుట్టినప్పుడు నీ చెయ్యి పట్టుకుని కూర్చుంది నర్సమ్మగారే. ఆవిడతో మాటలు లేకుండా ఆ ఇంట్లో ఎలా ఉంటావు? ఇంతకన్నా నేను చెప్పను.

నీ మేస్త్రీ

ప్రియమైన మేస్త్రీ గారికి,

మీ ఉత్తరం చదివి ఒళ్లు మండింది. ఎదురుగా ఉంటే కత్తెర విసిరేదాన్ని.

గురువారం బండి వచ్చింది. బొచ్చోడు పారిపోకుండా తోక ఊపుకుంటూ వాళ్లకు ఎదురెళ్లాడు. "ఎవరిదమ్మా ఇది" అని అడిగితే, రోజూ వాడికి ముద్దలు పెట్టిన వీధి వీధంతా నేలచూపులు చూసింది. నేనూ చూశాను. వాడి మెడకు ఉచ్చు పడేసరికి ఇక ఆగలేకపోయాను. "మాదే. కోళ్లను చంపింది కూడా మా కుక్కే" అన్నాను. "ఇంకోసారి వీధిలో వదిలితే ఊరుకోం" అని నలుగురిలో నాకు చీవాట్లు పెట్టి, వాణ్ణి వదిలి వెళ్లారు.

నర్సమ్మగారు గేటు దగ్గరే ఉన్నారు. "తప్పయిపోయిందండీ. మళ్లీ కోళ్లు తెచ్చిస్తాం. గట్టి గూడు ఆయనొచ్చి కడతారు" అన్నాను.

"కోళ్లదేముందే, మళ్లీ పెంచుకుంటాను. నాకేం సంబంధం అన్నావు చూడు, ఆ మాట నీ నోట వింటాననుకోలేదు" అన్నారు. నేను ఏడ్చేశాను. ఆవిడ ఓదార్చలేదు, లోపలికి వెళ్లిపోయారు.

ఇప్పుడు వాణ్ణి కుట్టుమిషను కాలికి కట్టేశాను. పొద్దున్నా సాయంత్రం నేనే తిప్పుకొస్తున్నాను, నడుం విరుగుతోంది. నిన్న సాయంత్రం నర్సమ్మగారు గిన్నెతో వచ్చారు. నన్ను పలకరించలేదు. వాడు ఎగిరెగిరి పడుతుంటే "నోర్ముయ్, నిన్నింకా క్షమించలేదు" అని గట్టిగా చెప్పి, నేలమీద చతికిలబడి ముద్దలు చేసి పెట్టారు. గిన్నె ఖాళీ అయ్యాక కూడా లేవలేదు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

మీ దర్జీ