రన్‌వేలో పోయిన చేను

మధురపూడి

సత్యవాణికి,

నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు. ఇది ఫోనులో చెప్పే మాట కాదు, అందుకే కార్డు రాస్తున్నాను. రన్‌వే పొడిగింపులో పోయిన మన చేను చదును చెయ్యడం మొదలుపెట్టారు. మొదటి కాన్పులో పోతే ఆ చేనిగట్టునే పూడ్చిన పాపని అక్కడ వదిలెయ్యొద్దని ఏడ్చావు కదా. బుల్లియ్య బాబాయిని వెంటబెట్టుకుని వెళ్ళాను. గట్టు మీద గుర్తుగా ఉన్న తుమ్మచెట్టు అప్పటికే కొట్టేశారు. ఇంజనీరు యుగంధర్ గారు మిషను ఆపించి, "నిదానంగా చూసుకోండి, మేం ఆగుతామండి" అన్నారు. మధ్యాహ్నం దాకా తవ్వినా ఏమీ దొరకలేదు. "పసిగుడ్డురా, ఎప్పుడో మట్టిలో కలిసిపోయుంటది. ఈ మట్టే తీసుకెళ్ళు" అన్నాడు బాబాయి. నీ పాత చీర ముక్కలో దోసెడు మట్టి మూటగట్టి, కోటిలింగాల రేవులో గోదారమ్మకి అప్పజెప్పాను.

నీ కాళ్ళ వాపు తగ్గిందా? డాక్టరమ్మ ఈసారి ఏమంది? ఐరన్ మాత్రలు మానకు. గేదె పెయ్యదూడని ఈనింది. జున్నుపాలు పంపుదామంటే అటు వచ్చేవాళ్ళు లేరు. మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. పట్టిసీమ వీరభద్రుడు నిన్నూ, కడుపులో బిడ్డనీ చల్లగా చూడాలి.

ఇంకొక్క మాట. రేవులో పంతులుగారు "పాప పేరేంటండి?" అని అడిగారు. మనం పేరు పెట్టేలోపే పోయింది కదా, ఏం చెప్పను? "మంజుష" అన్నాను. ఆయన ఆ పేరుతోనే మంత్రం చదివారు. నీకు నచ్చితే నువ్వూ ఒకసారి ఆ పేరుతో పిలువు.

నీ త్రిమూర్తులు