పెళ్లికొడుకు గడి ఖాళీగా ఉంచరాదు

నందిగామ

వెస్లీ గారికి, శాంతి ఫంక్షన్ హాల్ నుంచి వందనాలు.

మీరు మా హాలుకి రాసిచ్చిన బుకింగ్ సాఫ్ట్‌వేర్ మీద ఇది ఫిర్యాదు. ఇలాంటివి కాగితం మీదే ఉండాలని మా నాన్న బాలస్వామి గారి పట్టుదల. జనవరి ఇరవై రెండున మా సొంతింటి పెళ్లికి హాలు ఆపుకోవాలి. తేదీ, పెళ్లికూతురి పేరు కొట్టి పెళ్లికొడుకు గడి ఖాళీగా వదిలితే మీ సాఫ్ట్‌వేర్ ఒప్పుకోవడం లేదు. సంబంధం ఇంకా కుదరనప్పుడు అక్కడ ఏం రాయాలో చెప్పగలరు.

ఇట్లు,
జాయిస్

తా.క. నాన్న చదివి సరేనన్నారు, ఇది ఆ తర్వాత రాస్తున్నా. ఆ పెళ్లికూతురిని నేనే. డిగ్రీ రోజుల్లో జగ్గయ్యపేటలో బస్సెక్కి, నందిగామలో నేనెక్కేదాకా నాకోసం పక్క సీట్లో బ్యాగు పెట్టుకుని కూర్చున్న మనిషి ఆ గడి గురించి ఏమంటారో తెలుసుకోవాలని ఉంది.

జగ్గయ్యపేట

జాయిస్ గారికి, నాన్నగారికి వందనాలు.

అది తప్పు కాదండి, కావాలనే అలా రాసా. మీ ఒక్కో బుకింగూ ఒక టపుల్. అంటే తేదీ, ఇద్దరి పేర్లు కలిపి ఒకేసారి కట్టేసిన మూట. కట్టాక అందులోంచి ఒక పేరు తీసి ఇంకోటి పెట్టడం కుదరదు. ఇదివరకు వేరేచోట ఎవరో పేర్లు దిద్దబోయి, అక్క పెళ్లికి చెల్లెలి పేరుతో బోర్డు కట్టారు. అప్పట్నుంచీ నాకు టపుల్ మీదే నమ్మకం. కాబట్టి మూడూ తేలాకే కొట్టండి.

ఇట్లు,
వెస్లీ

తా.క. ఆ గడి గురించి అడిగారు. అందులో ముప్పై అక్షరాలు పడతాయి.

నందిగామ

వెస్లీ గారికి వందనాలు.

మూడూ తేలేదాకా ఆగితే తేదీ చేజారేలా ఉంది. చెవిటికల్లు వాళ్లెవరో అదే రోజు అడుగుతున్నారు. తాత్కాలికంగా ఏదో ఒక పేరు కొట్టేయమని నాన్న అంటున్నారు. మీ అభిప్రాయం తెలపగలరు.

ఇట్లు,
జాయిస్

తా.క. ఆదివారం చిల్లకల్లు నుంచి సంబంధం వాళ్లు వస్తున్నారు. అబ్బాయి పేరు స్టీవెన్. నాకైతే ఆ గడిలో మీ పేరు కొట్టాలని ఉంది. తర్వాత మార్చడం కుదరదని తెలిసే రాస్తున్నా. ఇంతకన్నా విడమరిచి రాయడం నా వల్ల కాదు.

జగ్గయ్యపేట

జాయిస్ గారికి వందనాలు.

దయచేసి టెస్టింగుకి నా పేరు వాడకండి. రేపు హాలు ముందు బోర్డు మీద అదే పడితే నాన్నగారికి నా మొహం ఎలా చూపించను? టపుల్ తీసేసి ప్రతి బుకింగునీ ఆబ్జెక్టుగా తిరగరాస్తా. అప్పుడు ఏ గడినైనా ఎంతకాలమైనా ఖాళీగా ఉంచుకోవచ్చు, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. కొన్ని వారాలు పడుతుంది, తొందరపడకండి.

ఇట్లు,
వెస్లీ

తా.క. ఆదివారం మీ ఇంటికి ఎవరో వస్తున్నారన్నారు కాబట్టి ఆ రోజు ఫోన్ చేసి విసిగించనులెండి.

జగ్గయ్యపేట

జాయిస్ గారికి వందనాలు.

కొత్త సాఫ్ట్‌వేర్ పంపుతున్నా. పాత బుకింగులన్నీ వాటంతటవే అందులోకి ఎక్కుతాయి. ప్రతి పేరు పక్కనా 'మార్చు' అనే బటన్ ఉంటుంది.

ఇట్లు,
వెస్లీ

తా.క. పనయ్యాక మీ ఉత్తరాలు మళ్లీ చదివా. మీరు రాసింది టెస్టింగు గురించి కాదని ఇప్పుడు అర్థమైంది. చాలా బాధగా ఉంది జాయిస్. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉందా?

నందిగామ

వెస్లీ గారికి వందనాలు.

కొత్త సాఫ్ట్‌వేర్ అందింది, బాగుంది. ఇరవై రెండో తేదీ బుకింగు మాత్రం ఇది రాకముందే పాతదానిలోనే చేసేశాం. మీరు చెప్పినట్టే తేదీ, నా పేరు, స్టీవెన్ గారి పేరు ఒకేసారి కొట్టా. ఆయన మంచివారు. వచ్చిన రోజే, తనంటే ఇష్టమేనా అని నన్నే నేరుగా అడిగారు. మీరు పెళ్లికి తప్పకుండా రావాలని నాన్న రాయమన్నారు.

ఇట్లు,
జాయిస్

తా.క. 'మార్చు' బటన్ పనిచేస్తోంది. నిన్న అందరూ వెళ్లాక మా బుకింగు తెరిచి, స్టీవెన్ గారి పేరు తీసి మీ పేరు కొట్టా. కాసేపు చూసుకున్నా. తర్వాత ఆయన పేరే మళ్లీ రాసి, ఆఫీసుకి తాళం వేసి ఇంటికెళ్లిపోయా.