తలుపు తీసేసిన గది

సోమవారం, డ్యూటీకి వెళ్ళే ముందు

ప్రియమైన మందులమ్మా,

ఒకే ఇంట్లో ఉండి ఉత్తరాలు రాసుకునే తల్లీకూతుళ్ళం మనమేనేమో. తలుపు కొట్టీ కొట్టీ నా వేళ్ళు నొప్పెట్టాయి, అందుకే తలుపు కింద నుంచి ఈ కాగితం. నువ్వు గడియ పెట్టుకుని ఇవాళ్టికి పన్నెండు రోజులు. నేను బస్సెక్కాక బయటికొచ్చి స్నానం చేస్తున్నావని తడి తువ్వాలు చెబుతోంది. గుమ్మం ముందు పెట్టిన పళ్ళెంలో గుడ్డు తింటున్నావు, సంతోషం. రొట్టె మాత్రం సగం అలాగే ఉంటోంది.

జరిగిందేదో జరిగింది. మందుల కొట్టులో రెండు డబ్బాలూ ఒకే రంగులో ఉన్నాయి. తక్కువ మోతాదు మాత్రల బదులు ఎక్కువ మోతాదువి ఇచ్చావు. ఆ పెద్దాయన కళ్ళు తిరిగి పడ్డారు. కావాలని చేశావా? ఆయన కోలుకుంటున్నారట, భయపడకు.

లోపల నువ్వు ఆ బుల్లి తెర పట్టుకుని ఆటలో బొమ్మ మనుషుల చేత కాపురాలు చేయిస్తున్నావని నాకు తెలుసు. గురువారం లోపు బయటికి రాకపోతే వైఫై పీకేస్తాను. మాటంటే మాటే.

నీ డ్రైవరమ్మ

మంగళవారం

అమ్మకి,

ఆ పేరుతో పిలవకు. మందుల పేరెత్తితేనే చెవులు మూసుకుంటున్నాను.

వైఫై తియ్యకు, నీ కాళ్ళు పట్టుకుంటా. ఆట నా చేతిలో లేదు. హాల్లో టీవీ కింద ఆటల పెట్టెలో నడుస్తుంది, నా చేతిలో తెరకి వైఫై మీదుగా దాని బొమ్మ మాత్రమే వస్తుంది. వైఫై పోతే నా తెర ఆరిపోతుంది కానీ అక్కడ కాలం నడుస్తూనే ఉంటుంది. అందులో ఒక పెద్దాయన్ని పెట్టాను. వేళకి తిండి పెట్టాలి, పడుకోబెట్టాలి, నడిపించాలి. నేను చూడకపోతే ఆయన పోతారు. నవ్వుకుంటే నవ్వుకో. ఇంకోసారి ఒకరిని పడెయ్యడం నా వల్ల కాదు.

కోలుకుంటున్నారట అన్నావు. ఎవరన్నారు? నువ్వు కళ్ళారా చూశావా? అదొక్కటి చెప్పు.

నేను

బుధవారం పొద్దున

ప్రియమైన తల్లీ,

చూశాను. నిన్న షిఫ్టు దిగి యూనిఫాంలోనే ఆసుపత్రికి వెళ్ళాను. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఒళ్ళో నీలం గళ్ళ దుప్పటి. బుర్రమీసాలు, మంచి ఠీవి. పక్కన కుండీలో పసుపు పూలుంటే తనే లేచి నీళ్ళు పోశారు. నన్ను చూసి చెయ్యి ఊపారు. "అమ్మాయిని బెంగ పెట్టుకోవద్దని చెప్పండి" అన్నారు.

ఇంకేం కావాలే నీకు? వైఫై తియ్యనులే. తలుపు తియ్యి.

ప్రేమతో అమ్మ

బుధవారం సాయంత్రం

అమ్మా,

ఆయనకి మీసాల్లేవు. రెండేళ్ళుగా నెలనెలా మా కొట్టుకి వచ్చే మనిషి. ఎప్పుడూ నున్నగా గీసుకునే వస్తారు. ఆటలో దొరికిన ముసలి మొహాలన్నిటికీ మీసాలే ఉంటే, సర్లే అని ఒకటి పెట్టాను. ఆ నీలం దుప్పటి నేను వేసింది. పసుపు పూల కుండీ నేను పెట్టింది. నువ్వు ఆసుపత్రికి వెళ్ళలేదు. హాల్లో సోఫాలో కూర్చుని, టీవీలో నా ఆట చూసి వచ్చి చెప్పావు.

అసలు ఆయన బతికే ఉన్నారా?

ఇక నాకు రాయకు.

శుక్రవారం

నా తల్లీ,

చదివి చించెయ్యి, కానీ చదువు. అబద్ధమే చెప్పాను. ఒకరోజు వార్తల కోసం టీవీ పెడితే నీ ఆట కనిపించింది. వారంగా సౌండు తీసేసి దొంగలా చూస్తున్నాను. ఆయన్ని నువ్వు చూసుకునే తీరుకి మురిసిపోయాను కూడా.

మా బస్సు ఆ ఆసుపత్రి గేటు ముందే ఆగుతుంది. రోజుకి ఎనిమిదిసార్లు తలుపు తెరిచి జనాన్ని దింపుతాను. నేను మాత్రం దిగలేకపోయాను. లోపల "పోయారు" అంటే ఆ మాట నీ దగ్గరికి ఎలా మోసుకురాను? అందుకే ఆయన ఉన్నారో లేదో నాకు తెలీదు. ఇది నిజం.

ఇప్పుడు నువ్వు చెప్పు. నిన్న మధ్యాహ్నం ఆటలో అచ్చం నీలా చేసుకున్న తెల్లకోటు పిల్ల చుట్టూ నాలుగు గోడలు కట్టి తలుపు తీసేశావు. ఆ పిల్ల చేతులూపుతూ మూల నిలబడింది, ఆకలి గీత ఎర్రబడింది. నువ్వూ నిన్నటి నుంచి పళ్ళెం ముట్టలేదు. పొద్దున డిపోకి పరుగెత్తి సెలవు చెప్పి వచ్చేశాను. అప్పట్నుంచీ నీ గది బయటే నేల మీద కూర్చున్నాను. ఒక గంట చూస్తాను. తరవాత కింద వాటాలో వడ్రంగిని పిలిచి తలుపు పగలగొట్టిస్తాను.

బతికుండవే. ఇంకేమీ అడగను.

అమ్మ

శుక్రవారం, ఇప్పుడే

ప్రియమైన డ్రైవరమ్మా,

వడ్రంగిని పిలవకు.

ఆ పిల్ల పోతే అక్కడ ఏమవుతుందో చూద్దామనే గోడలు కట్టాను. ఈ పొద్దున ఆటలో పెద్దాయన కుర్చీలోంచి లేచి వచ్చి గోడ బయట నిలబడ్డారు. దారి దొరక్కపోతే ఆటలో అందరూ అలాగే నిలబడతారు, అందులో ప్రేమేమీ లేదు, నాకు తెలుసు. కానీ నా తలుపు కింద రోజూ కనబడే నీ పాదాల నీడ గుర్తొచ్చింది. ఏడుపాగలేదు.

నువ్వు డిపోకి వెళ్ళినప్పుడు అసలు పెద్దాయన ఇంటికి ఫోన్ చేశాను. కొట్టులో బిల్లు రాసీ రాసీ ఆ నంబరు నాకు కంఠతా వచ్చు. ఆయన కూతురు ఎత్తింది. నేనెవరో చెప్పాను. "ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా?" అంది. తుంటి ఎముక విరిగిందట. ఆపరేషన్ అయింది, ఇంకా నడవలేరు. బతికే ఉన్నారమ్మా. "నాలుగింటికి ఆసుపత్రికి రా. నీ మొహం చూడాలో వద్దో మా నాన్నే చెబుతారు" అంది.

ఆ గదికి తలుపు పెట్టేశాను. కావాలంటే తరవాత టీవీలో చూసుకో. రొట్టె మొత్తం తిన్నాను. జుట్టు దువ్వుకున్నాను. భయంగా ఉంది. వద్దు పొమ్మంటే అక్కడే కూలబడతానేమో, అందుకే నువ్వు కావాలి. ఈసారి ఆ గేటు దగ్గర నువ్వూ దిగాలి.

గడియ తీస్తున్నాను. కాస్త పక్కకి జరుగు, తలుపు నీ వైపుకే తెరుచుకుంటుంది.

నీ మందులమ్మ