ఆపేసిన స్టవ్ ఫొటోలు

ఏమండీ, కూర వేడి చేసుకుని తినండి. పిల్ల ఫోన్ సినిమాలతో నిండిపోయిందని మూడు రోజులుగా సాధిస్తున్నారు కదా, తెరిచి చూశాను. నాలుగు వందల ఫొటోలున్నాయి, అన్నీ ఆపేసిన మన గ్యాస్ స్టవ్‌వే. గొప్ప సినిమా, హీరో కదలడు.

బడికెళ్లే ముందు తీసుకుని, క్లాసులో చూసుకుంటూ కూర్చుంటోందట. మీ అమ్మగారేమో "పదిహేనేళ్లకే ఎంత బాధ్యతో" అని మురిసిపోతున్నారు. నేనూ మురిశాను లెండి. పొద్దున మెట్ల మీంచి ఆరోసారి వెనక్కొచ్చి తనే చెప్పింది: "ఆపేశానని తెలుసమ్మా. తెలిసినా నమ్మలేకపోతున్నాను. ఇది ఓసీడీ అనుకుంటా, నన్నెవరికైనా చూపించు."

నాలుగింటికి మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్తున్నాం. అత్తయ్యగారికీ ఇది చదివి వినిపించండి.

అన్నట్టు, లోపల తనొక్కతే మాట్లాడుతుందట, మనిద్దరం బయట కూర్చోవాలట. మూడున్నరకల్లా చొక్కా మార్చుకుని ఉండండి.