ఎదురు చెప్పని తమ్ముడికి

చిన్నోడా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ రోజు ఇక్కడ గల్ఫ్‌లో, మన అల్ వక్రాలో శుక్రవారం ఆరాధన అయ్యాక, మన కొరియా పాస్టర్ గారు నన్ను పక్కకు పిలిచారు.

"పైవాళ్ళకు ఎదురు చెప్పకూడదని మీకు నేర్పాను. అందులో సగం మా తాత నేర్పిన కన్ఫ్యూషియస్ మాటే. దాన్నీ క్రీస్తు మాటే అని చెప్పాను" అంటూ తల వంచారు.

నువ్వు పోయిన రోజు పొద్దున, "అన్నా, ఛాతిల నొస్తున్నది. డ్యూటీకి పోబుద్ధి అయితలేదు" అన్నావు నువ్వు.

"ఫోర్‌మన్ రమ్మన్నడు గదా. పెద్దల మాట దేవుని మాట. పో" అన్నాను నేను. మారు మాటాడకుండా వెళ్ళావు. మధ్యాహ్నం సైట్‌లోనే కూలిపోయావు.

పాస్టర్ గారిని క్షమించాను. కానీ ఇప్పుడు మన లేబర్ క్యాంప్‌లో కుర్రవాళ్ళెవరైనా నా మాటకు వెంటనే తలూపితే భయమేస్తుందిరా. "ఒక్కసారన్న వద్దు అనురా" అని బతిమాలుతున్నాను.

అన్న